ఒత్తులు పడని మధ్యాహ్నం

"ఒరేయ్, ఒత్తులు పడట్లేదురా."

తెనాలి నుంచి పెదనాన్న ఫోను. తెలుగు పండితుడిగా రిటైరైన దగ్గర్నుంచీ రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తన చిన్ననాటి ఊరి సంగతులు రాసుకుంటుంటారు. ఆ రోజు గొంతులో ఆందోళన తెలుస్తోంది.

"అమ్మ అని కొడితే మమ అని పడుతోంది. మొదట్లో అకారమూ లేదు, మధ్యలో ఒత్తూ లేదు. తెలుగు సాఫ్ట్‌వేర్ చెడిపోయినట్టుంది. మళ్ళీ ఎక్కించాలేమో చూడు."

ఆయన వాడేది ఇన్‌స్క్రిప్ట్. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించిన అమరిక అది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. ఏ భారతీయ భాషలో టైపు చేసినా కకారం ఒకే చోట ఉంటుంది. అందులో ఎడమ నడిమివేలు ఆనుకుని ఉండే మీట ఇంగ్లీషు డి. మామూలుగా నొక్కితే పొల్లు పడుతుంది. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే 'అ' పడుతుంది. 'అమ్మ' అని రాయాలంటే ఆ ఒక్క మీట మీదికే రెండుసార్లు వెళ్ళాలి. పెదనాన్నకు కనిపించినవి రెండు జబ్బులు. కీబోర్డు వైపు నుంచి చూస్తే అది ఒకే జబ్బు.

"పెదనాన్నా, ఒకసారి ఇంగ్లీషులోకి మార్చి డి కొట్టి చూడండి."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "అదీ పడట్లేదు" అన్నారు.

అయితే తెలుగు సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదన్నమాట. ఒక్క మీట నొక్కి చూడడంతో సగం అనుమానాలు తీరిపోయాయి. స్క్రూడ్రైవర్ అవసరం రాలేదు, పైసా ఖర్చు కాలేదు. కీబోర్డు చెడిపోయినప్పుడు ఇంట్లో మనం చేయగలిగిన పని చాలావరకు ఇలాంటిదే. వేలి కింద మొదలైన నొక్కు తెర మీద అక్షరమయ్యేలోపు ఎక్కడ తప్పిపోయిందో దారిని సగం సగం చేసుకుంటూ వెతకాలి. అందుకు ముందుగా ఆ దారి తెలియాలి.

వేలికి తగిలేది ప్లాస్టిక్ టోపీ. దాని అడుగున కత్తెర కాళ్ళలా ఒకదానికొకటి అడ్డంగా బిగించిన రెండు సన్నని చట్రాలుంటాయి. మూల మీద నొక్కినా మీట వంకర పోకుండా సమంగా దిగేది వాటి వల్లే. మధ్యలో ఒక రబ్బరు బుడిపె. వేలికి తెలిసే ఆ చిన్న టక్కు దానిదే, వేలు తీయగానే మీటను పైకి నెట్టేదీ అదే. ల్యాప్‌టాప్ మీట ప్రయాణించే దూరం మొత్తం మీద ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు. బుడిపె కింద మూడు పలచని పాలిస్టర్ రేకులు. పై రేకు అడుగునా, కింది రేకు పైనా వెండి కలిపిన సిరాతో గీతలు అచ్చువేసి ఉంటాయి. మధ్య రేకులో గీతలుండవు, మీట మీటకూ ఒక రంధ్రం మాత్రం ఉంటుంది. బుడిపె నొక్కుకున్నప్పుడు పై రేకు ఆ రంధ్రంలోంచి వంగి కింది రేకును తాకుతుంది. వేలు తీస్తే విడిపోతుంది. జరిగేదంతా ఆ తాకిడే.

ఎనభైకి పైగా ఉన్న మీటల్లో తాకింది ఏదో ఎలా తెలుస్తుంది? మీటకొక తీగ చొప్పున లాగితే తీగల మోపు తయారవుతుంది. దానికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం మంగళగిరి మగ్గం చూసినవాళ్ళకు చెప్పకుండానే అర్థమవుతుంది. పై రేకు గీతలు పడుగు, కింది రేకు గీతలు పేక అనుకోండి. పడుగు 16 పోగులు, పేక 8 పోగులు ఉంటే అవి ఒకదాన్నొకటి దాటే చోట్లు 128. అంటే 24 గీతలతో 128 మీటలను గుర్తుపట్టవచ్చు. చాలా ల్యాప్‌టాప్ కీబోర్డుల్లో ఉండేది ఇదే లెక్క, లేదా దీనికి దగ్గరి లెక్క. ఆ గీతలన్నీ ఒక అంచుకు చేరి, చదునైన రిబ్బన్‌గా మారి మదర్‌బోర్డు మీద సాకెట్‌లోకి దూరతాయి. అక్కడ ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిప్ కూర్చుని ఉంటుంది. అది ఒక్కో పడుగు పోగును కదిలించి, పేకలో ఏ పోగు కదిలిందో చూస్తుంది. అన్ని పోగులూ చూసి మళ్ళీ మొదటికి రావడానికి దానికి పట్టేది కొన్ని మిల్లీసెకన్లే. మనం నొక్కినా నొక్కకపోయినా ఆ తిరుగుడు ఆగదు.

ఆ చిప్‌కు అక్షరాలు రావు. దానికి తెలిసినవి అంకెలు. 1981 నాటి ఐబీఎం పీసీతో వచ్చిన పద్ధతిలో ఎస్కేప్ మీట 1, ఏ మీట 30, డి మీట 32. నొక్కినప్పుడు 32 పంపుతుంది, వదిలినప్పుడు దానికి 128 కలిపి 160 పంపుతుంది. 1984లో ఐబీఎం ఏటీ యంత్రంలో కీబోర్డు బాధ్యత చూసిన 8042 అనే చిప్ పేరు ఈనాటికీ లినక్స్ మొదలయ్యేటప్పుడు పడే సందేశాల్లో కనిపిస్తుంది. ఆ చిప్ ఎప్పుడో మాయమైంది, దాని పలుకుబడి మాత్రం మిగిలింది. ఈ 32ను ఇంగ్లీషు డి చేయాలో, తెలుగు పొల్లు చేయాలో తేల్చేది విండోస్‌లోని భాషా అమరిక. మీట మీద అచ్చువేసిన బొమ్మకు కంప్యూటర్ దృష్టిలో ఏ విలువా లేదు. అందుకే పెదనాన్నను భాష మార్చి చూడమన్నాను. రెండు భాషల్లోనూ పడలేదంటే 32 అనే అంకే రావడం లేదు. తప్పిపోయింది భాషకంటే ముందున్న దారిలో.

కొన్నిసార్లు దీనికి తలకిందులుగా ఉంటుంది. మీటలన్నీ ఆరోగ్యంగా ఉంటాయి, పైన ఏదో ఒక సదుపాయం తెలియకుండా ఆన్ అయి ఉంటుంది. విండోస్‌లో కుడి షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అనే సదుపాయం వస్తుంది. చేతులు వణికేవారికి అది నిజంగా మేలు చేస్తుంది. పొరపాటున తాకిన చిన్న నొక్కులను లెక్కచేయదు, నింపాదిగా నొక్కి పట్టుకున్నవాటినే తీసుకుంటుంది. సంగతి తెలియనివారికి మాత్రం కీబోర్డు చచ్చిపోయినట్టే అనిపిస్తుంది. ఆలోచిస్తూ కుడి చిటికెనవేలును షిఫ్ట్ మీద ఆనించే అలవాటున్న వాళ్ళకు ఇది ఎదురవుతూనే ఉంటుంది. పక్కన అంకెల గడి లేని కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ ఆన్ అయితే యు, ఐ, ఓ మీటలు 4, 5, 6 గానూ, జె, కె, ఎల్ మీటలు 1, 2, 3 గానూ, ఎం సున్నాగానూ మారతాయి. సరైన పాస్‌వర్డే కొడుతున్నా తప్పని చెబుతుంటే ముందు చూడాల్సింది ఇది. రెండు కోట్ గుర్తులు ఉండాల్సిన చోట ఈమెయిల్ అడ్రసులో వాడే గుర్తు పడుతోందంటే అమరిక అమెరికా నుంచి బ్రిటన్‌కు మారిందని అర్థం. విండోస్ మీటను పట్టుకుని స్పేస్ నొక్కితే అమరికలు వరుసగా కనిపిస్తాయి.

మొత్తం కీబోర్డే మూగబోతే దారిని మధ్యకు కోయడానికి రెండు పరీక్షలు చాలు. యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తగిలించి చూడండి. అది కూడా పలకకపోతే నేరం విండోస్ వైపు ఉంది. అది పలికి లోపలిది పలకకపోతే, మెషీన్ ఆన్ చేస్తూనే ఎఫ్ 2 గానీ, ఎస్కేప్ గానీ, కంపెనీని బట్టి మరొకటి గానీ నొక్కి బయోస్ తెరలోకి వెళ్ళండి. విండోస్ ఇంకా లేవని ఆ చోట బాణం మీటలు పనిచేశాయంటే రేకులు, రిబ్బన్, చిప్ అన్నీ బాగున్నట్టే, డ్రైవర్ సంగతి చూసుకోవాలి. అక్కడికి చేరడానికే కీబోర్డు ఒప్పుకోకపోతే మాత్రం లోపం లోపలే.

ఆ నిర్ణయానికి వచ్చేముందు ఇంకొక్క పని. ఎంబెడెడ్ కంట్రోలర్ ల్యాప్‌టాప్ ఆపేసినా పూర్తిగా నిద్రపోదు. పవర్ బటన్ ఎప్పుడు నొక్కుతారా అని చూస్తుండేది అదే కనుక, బ్యాటరీ నుంచి చుక్క చుక్క కరెంటు తాగుతూ మేలుకునే ఉంటుంది. నెలల తరబడి అలా ఉన్న చిప్ ఎప్పుడైనా చిక్కుకుపోవచ్చు. మెషీన్ ఆపి, ఛార్జర్ తీసి, ఊడదీసే రకమైతే బ్యాటరీ కూడా తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్ళలో అది మొదటికి వస్తుంది. రిపేరు షాపుల్లో చాలామంది చేసే మొదటి పని ఇదే. మంత్రంలా కనిపిస్తుంది గానీ వెనక ఉన్నది ఈ సంగతే. ఇంకో మాట. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తి షట్‌డౌన్ కాదు. తొందరగా లేవడం కోసం లోపలి స్థితిని కొంత దాచిపెట్టుకుంటుంది. అన్నీ కొత్తగా మొదలవ్వాలంటే నొక్కాల్సింది రీస్టార్ట్.

కీబోర్డు జబ్బుల్లో జనాన్ని ఎక్కువగా భయపెట్టేది ఇరుక్కుపోయిన మీట. కంట్రోల్ మీట కింద ఏదో చేరి 'నొక్కాను' అని చెప్పింది కానీ 'వదిలాను' అని చెప్పలేదనుకోండి. మౌస్ చక్రం తిప్పితే పేజీ జరగదు, అక్షరాలు పెద్దవీ చిన్నవీ అవుతుంటాయి. ఒక ఫైలును నొక్కితే ముందు నొక్కిందీ ఎంపికై ఉంటుంది. విండోస్ మీట అలా ఇరుక్కుంటే ఇ కొట్టగానే ఫైళ్ళ కిటికీ తెరుచుకుంటుంది, ఎల్ కొట్టగానే తెరకు తాళం పడుతుంది. ఇంట్లో అందరూ వైరస్ అని తేల్చేస్తారు. యాంటీవైరస్ కొంటారు, హార్డ్‌డిస్క్ తుడిచేసి విండోస్ మళ్ళీ వేయిస్తారు, ఫొటోలు పోగొట్టుకుంటారు. ఇది తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్, విండోస్ మీటలను రెండు వైపులా ఒక్కొక్కటిగా నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదిలి ఉంటే, రావలసిన 'వదిలాను' వచ్చేసేది.

పెదనాన్న డి దగ్గరికి వద్దాం. ఒక్క మీట పోయి చుట్టుపక్కలవన్నీ బాగుంటే చూడాల్సింది ఆ మీట కింద.

"నొక్కితే ఎలా తెలుస్తోంది పెదనాన్నా? పక్కనున్న ఎఫ్ లాగే దిగుతోందా?"

"లేదురా. సగం దిగి ఆగుతోంది. ఏదో అడ్డం పడ్డట్టుంది."

ఆ మాటతో నా గుండె తేలికపడింది. మెత్తగా, టక్కు లేకుండా కూలబడితే రబ్బరు బుడిపె చినిగిందని అర్థం. మామూలుగానే దిగి, అయినా అక్షరం పడకపోతే రేకుల మధ్య వెండి గీత పాడైందని అర్థం. అడ్డం పడ్డట్టుంటే నిజంగానే ఏదో అడ్డం పడింది. మధ్యాహ్నం టిఫిన్‌కు పెద్దమ్మ జంతికలు పెడుతుందన్న సంగతి నాకు తెలుసు.

ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్రయాణంలో అర మిల్లీమీటరు జంతిక పలుకు ఎంత పని చేయగలదో లోకానికి ఆపిల్ కంపెనీ అనుభవం చూపించింది. 2015లో అది 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో కత్తెర చట్రాన్ని వదిలేసి సీతాకోకచిలుక రెక్కల్లాంటి కొత్త చట్రం పెట్టింది. కీబోర్డు ఇంకా పలచనైంది, మీట ప్రయాణం అర మిల్లీమీటరు దాకా తగ్గింది. ఇసుక రేణువంత దుమ్ముకే మీటలు మూగబోవడం, ఒకటి కొడితే రెండు పడడం మొదలైంది. 2018లో కంపెనీ ఉచిత మరమ్మతు కార్యక్రమం ప్రకటించింది. 2019 నవంబరులో వచ్చిన 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో తిరిగి కత్తెరకు వచ్చింది. అమెరికాలో వినియోగదారులు వేసిన దావాను 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. ఆ గొడవలో ఆపిల్ వినియోగదారులకు చెప్పిన శుభ్రం చేసే పద్ధతి మాత్రం ఏ ల్యాప్‌టాప్‌కైనా పనికొస్తుంది. ల్యాప్‌టాప్‌ను దాదాపు నిటారుగా, 75 డిగ్రీల వాలులో పట్టుకుని, గాలిని ఒక పక్క నుంచి మరో పక్కకు వరుసగా కొట్టాలి. తర్వాత కుడి పక్కకు తిప్పి ఒకసారి, ఎడమ పక్కకు తిప్పి ఒకసారి. బల్ల మీద చదునుగా పెట్టి ఊదితే చెత్త ఇంకా లోపలికి వెళుతుంది. నోటితో ఊదడం అసలే వద్దు, ఊపిరిలో తడి ఉంటుంది. కెమెరా లెన్స్ తుడుచుకునే రబ్బరు బంతి చాలు.

పెదనాన్న పక్కింటి ఫొటోగ్రాఫర్ దగ్గర అది తెప్పించుకున్నారు. నాలుగో వాలుకు పలుకు బయటపడింది. ఆ సాయంత్రం వాట్సాప్‌లో ఆయన పంపిన మొదటి మాట 'అమ్మ'. దాని తర్వాత వరుసగా 'అక్క, అన్న, అత్త, అబ్బ'.

ఒక్క మీట కాకుండా ఒక గుంపు పోతే కథ వేరు. మా అపార్ట్‌మెంట్‌లో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకసారి తన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. "అంకుల్, ఆరు బటన్లు పనిచేయట్లేదు. ఒకటి పై వరసలో, ఇంకోటి మధ్యలో, మరోటి కింద. ఒక దానికీ ఇంకో దానికీ సంబంధమే లేదు." సంబంధం లేకపోవడం మనకు. పడుగు పోగులు మనం చూసే వరసల్లో సాగవు, రేకు మీద ఎక్కడ చోటుంటే అక్కడి నుంచి మెలికలు తిరిగి పోతాయి. మూలకొకటిగా ఉన్న ఆరు మీటలు ఒకే పోగు మీద ఉండొచ్చు. మగ్గం మీద ఒక పోగు తెగితే బట్టలో ఆ పోగు పొడవునా గీత కనిపించినట్టు, ఇక్కడ ఆ పోగు మీదున్న మీటలన్నీ ఒకేసారి మౌనం వహిస్తాయి. కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసి, ఒక్కో మీటా నొక్కుతూ పలకనివాటికి ఇంటు గుర్తు పెట్టమన్నాను. ఇలాంటప్పుడు ఆ కాగితమే ఎక్స్‌రే. ఆరేడు మీటలు ఒకేసారి పోయాయంటే టోపీలు ఊడదీసి ఒక్కోదాన్ని తుడవడం వృథా. పోగు రేకు మీద తెగి ఉండాలి, లేదా రిబ్బన్ సాకెట్‌లో ఒక అంచున వదులై ఉండాలి. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ వారం కిందట చేతిలోంచి జారి పడిందట. రిబ్బన్ తీసి సరిగ్గా కూర్చోబెడితే ఆరూ పలికాయి.

తెగితే మౌనం. రెండు పోగులు అంటుకుంటే ఏమవుతుంది? జంటలు పడతాయి. మొదటి పోగు మీద ఏ మీట నొక్కినా రెండో పోగు మీదున్న దాని జోడీ కూడా పడుతుంది. ఇది నా బల్ల మీదే జరిగింది. ఒక రాత్రి చేయి తగిలి సగం గ్లాసు టీ ఒలికింది. గుడ్డతో తుడిచాను, అన్నీ పనిచేశాయి, హమ్మయ్య అనుకుని పని కొనసాగించాను. అది నేను చేసిన తప్పు. మూడో రోజు ఒక అక్షరం కొడితే రెండు పడడం మొదలైంది. వారానికి సగం మీటలు పోయాయి.

ఆ మూడు రోజుల్లో లోపల జరిగింది ఒక రసాయన క్రియ. స్వచ్ఛమైన నీరు కరెంటును పెద్దగా పారనివ్వదు. టీ నీళ్ళలో లవణాలుంటాయి, పాలుంటాయి, చక్కెర ఉంటుంది. చక్కెర తనంతట కరెంటును మోయదు గానీ గాలిలోని తేమను పట్టుకుని జిగురులా కూర్చుంటుంది, లవణాలకు ఆ తడి ఆరనివ్వకుండా కాపు కాస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు వెండి గీతల మధ్య కొద్దిపాటి వోల్టేజీ ఉన్నా చాలు. ధన ధ్రువం వైపు గీతలోంచి వెండి అయాన్లుగా కరిగి, ఆ తడిలో ఈది, రుణ ధ్రువం గీత మీద మళ్ళీ లోహంగా పేరుకుంటుంది. అలా పేరుకున్నది పూతలా సమంగా ఉండదు, చెట్టు కొమ్మల్లా చీలుతూ ఎదుటి గీత వైపు పెరుగుతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే పిల్లలు గీసిన చెట్టు బొమ్మే. కొమ్మ అవతలి గీతను తాకిన రోజు రెండు పోగులూ ఒకటవుతాయి. 1955లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు టెలిఫోన్ పరికరాల్లో వెండి ఇలా ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిచిపోవడం గురించి వివరంగా రాశారు. లోహాల్లో ఈ నడక బుద్ధి వెండికి మరీ ఎక్కువ. ఇంకోవైపు, కరిగిపోతున్న గీత సన్నబడి చివరకు తెగుతుంది. అందుకే టీ పడిన కీబోర్డు మొదట జంటలు పలికి, తర్వాత మూగబోతుంది.

ఈ క్రియకు మూడు కావాలి: వెండి, తడి, వోల్టేజీ. వెండిని మనం తీయలేం. తడి ఆరడానికి రోజులు పడుతుంది. వెంటనే తీయగలిగింది వోల్టేజీ ఒక్కటే. అందుకే ఒలికిన క్షణంలో గుడ్డ కోసం పరిగెత్తడం కంటే ముందు పవర్ బటన్‌ను ఆగేదాకా నొక్కి పట్టుకోవాలి, ఛార్జర్ పీకాలి. రాస్తున్నది భద్రపరుచుకోలేదే అని ఆగొద్దు. తర్వాత తెరను బాగా వెనక్కి తెరిచి, గుడారంలా బోర్లించి, కింద తువ్వాలు పరచాలి. తడి మదర్‌బోర్డు వైపు దిగకుండా, వచ్చిన దారినే బయటికి పోతుంది. థింక్‌ప్యాడ్‌లలో చాలావాటికి కీబోర్డు మీద పడ్డ నీరు అడుగు నుంచి కారిపోయేలా ప్రత్యేకంగా కాలువలు, రంధ్రాలు ఉంటాయి. అలాంటి మెషీన్‌ను బోర్లించే ముందు దాని గైడ్ ఏం చెబుతోందో చూడడం మంచిది.

బియ్యంలో పెట్టకండి. మూసి ఉన్న పెట్టెలోని తడిని బియ్యం లాగలేదు, పైగా తవుడూ పొడీ రంధ్రాల్లోకి చేరతాయి. ఫోన్ల విషయంలో ఆపిల్ సంస్థే బియ్యం సంచీ వద్దని 2024లో స్పష్టంగా చెప్పింది. హెయిర్ డ్రయ్యర్ వేడికి రేకులు ముడుచుకుంటాయి, టోపీలు వంకర పోతాయి. ఫ్యాను గాలి చాలు. పడింది మంచినీళ్ళయితే రెండు రోజులు ఆరనిచ్చి చూడవచ్చు. టీ, కాఫీ, కూల్‌డ్రింక్, కొబ్బరినీళ్ళు అయితే ఆరిపోవడంతో పని పూర్తికాదు, లవణమూ చక్కెరా అక్కడే ఉంటాయి. టోపీల కింద జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తారు. సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. కరోనా రోజుల్లో మిగిలిన శానిటైజర్ ఉంది కదా అని దాన్ని వాడొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన చేతి శానిటైజర్ పాళ్ళలో 1.45 శాతం గ్లిసరాల్ ఉంటుంది. చేతి చర్మం ఎండిపోకుండా ఉండాలని కలుపుతారు. ఆల్కహాల్ ఆవిరైపోయాక అది జిడ్డుగా మిగులుతుంది. రేకుల మధ్యకు దిగిన టీని ఏదీ పూర్తిగా తీయలేదు. ఆ కీబోర్డును మార్చడమే మంచిది.

లేఖిని లాంటి వాటిలో ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసేవాళ్ళకు జంట పడడం వల్ల వచ్చే చిక్కు ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. అక్కడ ఒకే మీట రెండుసార్లు పడితే అచ్చుకు దీర్ఘం, హల్లుకు ఒత్తు. అరిగిపోయిన మీట ఒక నొక్కుకు రెండుసార్లు తాకితే 'గుడి' కాస్తా 'గుడ్డి' అవుతుంది, 'కల' కాస్తా 'కల్ల' అవుతుంది. రెండూ మంచి తెలుగు మాటలే కాబట్టి స్పెల్‌చెక్ పట్టుకోదు. నిజానికి ఏ మీటైనా తాకినప్పుడు ఒక క్షణం కంపిస్తుంది. కంట్రోలర్ ఆ కొన్ని మిల్లీసెకన్ల కంపాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆగి చూస్తుంది. తాకిడి పాతబడి కంపం ఆ గడువు దాటితేనే రెండుగా పడుతుంది. మీట మార్చేదాకా ఇందాక చెప్పిన ఫిల్టర్ కీస్‌నే, వెంటవెంటనే పడ్డ రెండో నొక్కును వదిలేసేలా అమర్చుకుని వాడుకోవచ్చు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. స్పేస్ బారు, దాని చుట్టుపక్కల మీటలు పైకి ఉబ్బినట్టున్నాయా? టచ్‌ప్యాడ్ నొక్కితే దిగడం లేదా? చదునైన బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోందా? అయితే అది కీబోర్డు జబ్బు కాదు. కింద ఉన్న లిథియం బ్యాటరీ లోపల రసాయనాలు విడిపోయి వాయువు పుట్టి, దాని సంచి ఉబ్బింది. మీటలను కిందికి అదమకండి, మూత బలవంతంగా మూయకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఆపేసి, మంటకు దూరంగా ఉంచి, బ్యాటరీ మార్చేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. ఉబ్బిన సంచికి సూది మొన తగిలినా నిప్పు రాజుకోవచ్చు. ఈ ఒక్కచోట మాత్రం సొంత వైద్యం వద్దు.

కీబోర్డు మార్చాల్సి వస్తే కష్టమంతా మోడల్ మీద ఆధారపడి ఉంటుంది. పాత మెషీన్లలో అడుగున రెండు మూడు స్క్రూలు తీసి, పైన అంచున క్లిప్పులు వదులు చేస్తే కీబోర్డు పలకలా పైకి వచ్చేస్తుంది. కొత్త పలచని వాటిలో చాలావరకు పై మూతకే పదుల కొద్దీ ప్లాస్టిక్ రివెట్లతో కరిగించి అతికించి ఉంటుంది. దాన్ని తీయాలంటే మదర్‌బోర్డుతో సహా అంతా విప్పాలి. మొదటి రకం ఓపికున్న ఎవరైనా చేయవచ్చు. రెండో రకాన్ని చేయి తిరిగినవాళ్ళకు వదిలేయడం మేలు. ఏదైనా సరే, ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలి. రిబ్బన్ సాకెట్‌కు గోటి మందాన ఒక గొళ్ళెం ఉంటుంది, దాన్ని ఎత్తి రిబ్బన్ తీయాలి. గొళ్ళెం ఎత్తకుండా లాగితే పోయేది కీబోర్డు కాదు, మదర్‌బోర్డు. కొత్తది కొనేటప్పుడు మోడల్ పేరు ఒకటే చాలదు, పాతదాని వెనక స్టిక్కర్ మీదున్న పార్ట్ నంబరు చూపించండి. ఎంటర్ మీట అడ్డంగా ఉందో, నిలువుగా రెండు వరసలు పట్టి ఉందో కూడా సరిచూసుకోండి. మొదటిది అమెరికా అమరిక, రెండోది బ్రిటన్‌ది. సికింద్రాబాద్ సీటీసీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు లాంటి చోట్ల పాత మోడళ్ళవీ దొరుకుతుంటాయి. ఇంకొకటి: చాలా ల్యాప్‌టాప్‌లలో పవర్ బటన్ కీబోర్డు మీదే ఉంటుంది. రిబ్బన్ పెట్టకుండా మూసేస్తే మెషీన్ లేవదు. ఏదో కాలిపోయిందని కంగారు పడొద్దు.

ఏడాది తర్వాత పెదనాన్న డి మళ్ళీ పోయింది. ఈసారి అడ్డం కాదు. మెత్తగా, టక్కు లేకుండా కూలబడుతోందన్నారు. రబ్బరు బుడిపె చినిగింది. ఆశ్చర్యం లేదు. 'చెట్టు కింద పిల్లలు పుస్తకాలు చదువుతున్నారు' అనే ఐదు మాటల వాక్యానికి ఆయన ఆ మీటను నాలుగుసార్లు నొక్కాలి. ఇంగ్లీషు రాసేవారి డి కంటే తెలుగు రాసేవారి డి ఎంతో ముందుగా ముసలిదవుతుంది.

కొత్త కీబోర్డు వచ్చేదాకా పని ఆగకూడదు కదా. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే ప్రోగ్రాంలో ఒక మీట పనిని ఇంకో మీటకు అప్పగించే వీలుంది. క్యాప్స్ లాక్‌తో తెలుగులో పనేముంది? దాన్ని డి చేసేశాం. నొక్కితే పొల్లు, షిఫ్ట్‌తో నొక్కితే 'అ'. మొదటి రోజు చిటికెనవేలు తడబడిందన్నారు, రెండో రోజుకు దారిలో పడింది.

కీబోర్డు వచ్చింది. బిగించడానికి తెనాలి వెళ్ళాను. పెట్టె విప్పబోతుంటే ఆయన ల్యాప్‌టాప్ మూత మీద చేయి పెట్టారు.

"ఇంకో నాలుగు అధ్యాయాలున్నాయిరా. వేలికి అలవాటైపోయింది. అవి అయ్యాక మార్చు."